నీరటి లేని నగరం

ఢిల్లీలో గట్టి వాన కురిసిన నాడు ఇక్కడి విలేఖరులకు వార్తల కొరత ఉండదు. మింటో వంతెన కింద ఏదో ఒక బస్సో, కారో మునుగుతుంది. దాని ఛాయాచిత్రం మరునాటి పత్రికలలో వస్తుంది. మధ్యాహ్నానికి ఒక పార్టీ ప్రతినిధి విలేఖరులను పిలిచి ఆ నీటికి బాధ్యులెవరో వివరిస్తాడు. సాయంత్రం రెండవ పార్టీ ప్రతినిధి అంతకు పూర్వపు పాలకుల చరిత్ర విప్పుతాడు. రాత్రికి వాన వెలుస్తుంది, నీరు ఎటో పోతుంది, వార్త ముగుస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ నగరంలో ఉంటూ ఈ వార్తను నేనూ చాలాసార్లు రాశాను. కార్యాలయం కిటికీ పక్కన పొడిగా కూర్చుని రాశాను అనడం ఇంకా నిజం. ఈ శ్రావణంలో ఒక రోజు మాత్రం ఉదయం నుంచి చీకటి పడేదాకా ఆ వానలోనే నడవవలసి వచ్చింది. నేనెరిగిన ఢిల్లీ ఆనాడు నాకు కనిపించలేదు. పైగా దారి చూపినవాడు, అంతకు మునుపెన్నడూ ఈ నగరం మొగం చూడని ఒక వృద్ధుడు.

నర్సంపేట వైపు మా ఊళ్లో ఆయన నాకు వరసకు కాక, అంటే పినతండ్రి. రక్తసంబంధం కాదు, ఊరి వరస. వయస్సు డెబ్బై అయిదు దాటింది. వారి ఇంటి వృత్తి నీరటి పని. ఈ మాట కోస్తా జిల్లాల పాఠకులకు కొత్త కావచ్చు. చెరువు కింద ఏ మడికి ఏనాడు ఎంత నీరు వదలాలో చూసేవాడు, తూము తెరిచి మూసేవాడు, వానరాత్రి కట్టమీద లాంతరు పట్టుకొని తిరిగేవాడు నీరటి. అందుకు ప్రతిఫలంగా పంట కల్లంలో కొన్ని గింజలు మేరగా దక్కేవి. ఆ రోజులు బంగారు రోజులని చెప్పబోవడం లేదు. నిజాం జమానాలో ఈ పనికీ వెట్టికీ మధ్య గీత చాలా సన్ననిది. కాక తండ్రి దొరగారి గడీలో చేసిన వెట్టి సంగతులు కాక నోటనే విన్నాను. తర్వాతి కాలంలో మషుకూరి, సేత్‌సింధీ వంటి పాత పేర్లతో పాటు నీరటి కూడా గ్రామ రెవెన్యూ సహాయకుడు అనే పేరులో కలిసిపోయాడు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థనే రద్దుచేసి అందులోని వారిని ఇతర శాఖలలో సర్దింది. కాకకు అప్పటికే వయస్సు మీరింది. పదవి పోయినా చూపు పోలేదు. ఎక్కడికి వెళ్లినా నేల వాలు చూడకుండా అడుగు వేయడు.

ఆయన మనుమడు సివిల్ సర్వీసు పరీక్షలకు చదవడానికి ఢిల్లీ వచ్చి ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది తీసుకున్నాడు. ఆ పేట పేరు వినగానే తాత గుండెలో రాయి పడింది. 2024 జూలై 27 సాయంత్రం అక్కడ ఒక శిక్షణ కేంద్రపు నేలమాళిగలోకి వీధి వరద దూకి, గ్రంథాలయంలో చదువుకుంటున్న ఇద్దరు యువతులు, ఒక యువకుడు మరణించిన సంగతి పాఠకులు మరిచి ఉండరు. ఆ ముగ్గురిలో ఒకరి కుటుంబం తెలంగాణలోనే ఉండడం వల్ల ఆ వార్త మన ఇళ్లలో మరింత సేపు నిలిచింది. కాక టెలివిజన్‌లో ఆ నీటిని చూశాడు. “పోరడు ఉండే తావు నా కండ్లతో చూడాలె” అని పట్టుపట్టి, కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, భుజాన గొంగడితో న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగాడు. చల్లని పెట్టెలో పడుకోవడానికి తెచ్చుకున్న గొంగడి అది. నా గొడుగు కన్నా అదే ఆనాడు ఎక్కువ అక్కరకు వచ్చింది.

రైలు దిగేసరికి వాన దంచి కొడుతున్నది. అజ్మీరీ గేటు వైపు బయటికి వచ్చి ఎంతమంది ఆటోవాళ్లను అడిగినా తల అడ్డంగా ఊపారు. ఒకడు మాత్రం ఒప్పుకున్నాడు. అతడు అడిగిన సొమ్ముతో కాక మళ్లీ కాజీపేట పోయి రావచ్చు. “నడుస్తం పా బిడ్డా, వాన మనకు కొత్తనా?” అన్నాడు కాక. ఆయనకు కొత్త కాదు. నాకే కొత్త.

మింటో వంతెన దగ్గర పోలీసులు దారికి అడ్డం పెట్టారు. పైన రైలు పట్టాలు, కింద రోడ్డు. ఆ రోడ్డు ఇప్పుడు ఒక కుంట. 1930 దశకంలో కన్నాట్ సర్కస్ కట్టిన కాలంలోనే కట్టిన వంతెన ఇది. కాగితాలలో శివాజీ వంతెన అయినా జనం నోట మింటో వంతెనగానే మిగిలింది. ఢిల్లీ వర్షాకాలానికి ఇది కొలమానం వంటిది. 2020 జూలైలో ఒక చిన్న సరుకుల బండి నడిపే మనిషి ఇక్కడి నీటిలో ప్రాణం విడిచాడు. తర్వాత మోటార్లు పెంచారు, కాల్వ బాగుచేశారు, రెండు మూడేళ్లు నీరు నిలవలేదు. ఇక పీడ విరగడైందని అందరూ రాశారు, నేను కూడా. 2024 జూన్ 28న సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రం వద్ద ఒక్క రోజులో 228.1 మిల్లీమీటర్లు కురిసినప్పుడు వంతెన తన పాత అలవాటుకు వచ్చింది. 1936 తర్వాత జూన్ నెలలో ఒక్కరోజు అంత వాన ఇక్కడ పడలేదు. విమానాశ్రయంలో ఒకటవ టెర్మినల్ ముందరి కప్పు కూలి ఒక మనిషి మరణించింది కూడా ఆ ఉదయమే.

ఇదంతా నేను చెబుతూ ఉంటే కాక వినడం లేదు. రోడ్డుకు అటూ ఇటూ నడిచి, చేతికర్రతో నీటి లోతు చూసి వచ్చాడు. “గుంత తవ్వి తొవ్వ పోనిచ్చిండ్రు. నీళ్లు గుంతకు రాక మెట్టకు పోతయా?” అన్నాడు. మోటార్లున్నాయి, అవి తోడుతాయి అన్నాను. “మోటరు నడిపేటోడు ఎవడు?” అని అడిగాడు. రోడ్డు ఒక శాఖది, పట్టాలు రైల్వేవి, మురుగు గొట్టం మరొకరిది, వచ్చి చేరే నీటిలో కొంత న్యూఢిల్లీ పురపాలక మండలి సరిహద్దుల్లో పడినది, మరికొంత పెద్ద కార్పొరేషన్ సరిహద్దుల్లో పడినది అని చెప్పుకొచ్చాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. “గన్ని పేర్లు అడగలే బిడ్డా. నడిపేటోడు ఎవడని అడిగిన.”

దారి మళ్లి, చుట్టూ తిరిగి కన్నాట్ సర్కస్ చేరాము. తెల్లని స్తంభాల వసారాల కింద ఊరంతా తలదాచుకున్నది. సూటు వేసినవాడూ, చాయ్ అమ్మేవాడూ ఒకే చూరు నీటికి తప్పుకుంటున్నారు. మాధోగంజ్, జైసింగ్‌పురా, రాజా కా బజార్ అనే పల్లెలను లేపి ఈ వలయం కట్టారు. ఆ పల్లెలకు కుంటలు ఉండకుండా ఉంటాయా అని కాక అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. బారాఖంబా రోడ్డు పట్టి హేలీ రోడ్డు సందులోకి ఆయనను తీసుకుపోయాను. అక్కడ అగ్రసేన్ బావి ఉన్నది. నా ఇంటికి వచ్చిన అతిథులందరికీ చూపే బావే. కాని ఏనాడూ వానలో చూపలేదు.

ఇది దిగుడుబావి. దాదాపు అరవై మీటర్ల పొడవు, వందకు పైగా మెట్లు, రెండు పక్కలా అంతస్తులుగా కమాను గూళ్లు. మన వరంగల్లు శివనగర్‌లో కాకతీయుల కాలపు మెట్ల బావిని చూసినవారికి ఇది పెద్దక్క వలె కనిపిస్తుంది. ఎవరు మొదట తవ్వించారన్నది ఐతిహ్యం. కట్టడం తీరు సుల్తానుల కాలం నాటిదని పండితులు అంటారు. ఆ వానలోనూ కొందరు కాలేజీ పిల్లలు గూళ్లలో నిలబడి సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీసుకుంటున్నారు. కాక మెట్లమీద కూర్చుని అడుగు భాగం వైపు చూశాడు. చుట్టూ నగరమంతా మోకాటి లోతు నీరు. బావిలో మాత్రం అడుగు తడిసిందో లేదో! “ఊరి నీళ్లు బాయిల పడకుండ చేసిండ్రు, బాయికి కావలి పెట్టిండ్రు” అన్నాడు. పురావస్తు శాఖ బోర్డు మీద ఈ సంగతి రాసి లేదు.

పదకొండు దాటింది. అశోకా రోడ్డు మీద మన భవన్‌కు నడిచాము. ఢిల్లీలో దారి తప్పిన తెలుగువాడు చివరికి చేరేది అక్కడికే. ఇండియా గేటు ఎదురుగా నిజాం కోసం లుటెన్స్ కట్టిన హైదరాబాద్ హౌస్‌లో ఇప్పుడు కేంద్ర ప్రభుత్వం విదేశీ అతిథులకు విందులిస్తుంది. పక్కనే ఉన్న ఆంధ్ర భవన్‌లో మనం పప్పు, గోంగూర తింటాము. ఈ 19.781 ఎకరాల పంపకం రాష్ట్ర విభజన తర్వాత పదేళ్లు సాగింది. చివరికి 2024 మార్చిలో కేంద్ర హోంశాఖ ఆంధ్రప్రదేశ్‌కు 11.536 ఎకరాలు, తెలంగాణకు 8.245 ఎకరాలు కేటాయించింది. శబరి బ్లాకు ఒకరికి, గోదావరి బ్లాకు మరొకరికి. నదుల పేర్లున్న భవనాలను పంచుకోవడం మనకు చేతనైంది. నదుల సంగతి ట్రిబ్యునళ్లలో ఉన్నది. ఆనాడు ఆవరణలో నిలిచిన నీటిని 58.32, 41.68 నిష్పత్తిలో పంచాలా అన్నది హోంశాఖ ఉత్తర్వులో కనిపించదు. భోజనాల వరుసలో ముందు నిలబడిన శ్రీకాకుళం యువకుడు కాకకు చోటిచ్చి, “తాతగారూ, ముందు మీరు కానివ్వండి” అన్నాడు. తడి గొంగడి వాసనకు ఎవరూ మొగం చిట్లించలేదు.

తిన్న తర్వాత మండీ హౌస్ వరకు నడిచి మెట్రో ఎక్కి రాజేంద్ర ప్లేస్‌లో దిగాము. మనుమడు స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పాంటు మోకాళ్ల దాకా మడిచాడు. వాన అప్పటికి సన్నగిల్లింది గాని వీధుల్లో నీరు తగ్గలేదు. ఇనుప గేట్లను, కరెంటు స్తంభాలను ముట్టుకోవద్దని తాతకు మనుమడే హెచ్చరిక చెప్పాడు. 2024లో ఆ నేలమాళిగ ఘటనకు అయిదు రోజుల ముందు, పక్కనే ఉన్న పటేల్ నగర్‌లో వాననీటిలో నడుస్తూ గేటును పట్టుకున్న మరొక విద్యార్థి విద్యుద్ఘాతంతో మరణించాడు. ఇక్కడి పిల్లలు సిలబస్‌తో పాటు ఇవి కూడా నేర్చుకుంటారు.

ఈ పేటను గురించి నాలుగు మాటలు చెప్పాలి. దేశ విభజనలో పశ్చిమ పంజాబు నుంచి కట్టుబట్టలతో వచ్చిన శరణార్థుల కోసం ఏర్పడిన కాలనీ ఇది; తొలి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ పేరు పెట్టారు. ఒక్కో కుటుంబానికి చిన్న చిన్న ఇళ్లు. ఆ ఇళ్ల స్థానంలో ఇప్పుడు నాలుగేసి అంతస్తులు లేచాయి, ఒక్కో అంతస్తులో అగ్గిపెట్టెల వంటి గదులు, గోడల నిండా ర్యాంకులు వచ్చినవారి ఫోటోలు. దేశాన్ని పాలించబోయే అధికారులు తయారయ్యే చోటు. వారిలో మన తెలుగు పిల్లలకు లెక్కలేదు. ఏ టీకొట్టు ముందు నిలబడినా మన మాట చెవిన పడుతుంది. శంకర్ రోడ్డు మీద కొంత దూరం తూర్పుకు పోతే అడవి కప్పిన ఎత్తు కనిపిస్తుంది. అది రిడ్జ్, ఆరావళి పర్వతాల చివరి తోక. ఢిల్లీ వాన నీటిని అటూ ఇటూ విడదీసేది ఆ వెన్నెముకే. తూర్పున పడినది యమున వైపు పోతుంది, పడమట పడినది నజఫ్‌గఢ్ కాల్వ చుట్టు తిరిగి మళ్లీ యమునలోనే కలుస్తుంది.

ఇది నేను చెప్పలేదు. కాక నన్ను ఆ ఎత్తు దాకా నడిపించి, అక్కడినుంచి వెనక్కి తిరిగి, నీరు ఏ సందులో చురుకుగా పోతున్నదో, ఎక్కడ మెల్లబడుతున్నదో చూస్తూ తిరిగి పేట నడుమకు తెచ్చాడు. పటాలు చూసి ఇంటికి వచ్చాక ఆ లెక్క సరిపోయిందని తెలుసుకున్నాను. ఒక మలుపు దగ్గర ఆగి కర్రతో నేలమీద కొట్టాడు. “గీడికొచ్చి నిలవడ్తానయి. ఇది శిఖం.” తెలంగాణ జిల్లాల వారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు, చెరువు నిండితే నీరు పరుచుకునే నేలను శిఖం అంటారు. అక్కడ నిజంగా చెరువు ఉండేదని నేను అనడం లేదు. నీటి కంటికి అది చెరువే. శిఖంలో ఇల్లు కట్టడమే తప్పయితే, శిఖంలో ఇల్లు కట్టి, ఆ ఇంటి కింద నేల తవ్వి, ఆ గోతిలో పిల్లలను కూర్చోబెట్టి చదివించడాన్ని ఏమనాలో కాక దగ్గర మాట లేదు. 

తప్పు ఢిల్లీ ఒక్కదానిదే అనుకోవద్దు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించుకున్న హైదరాబాదు తన ఇతర చెరువుల శిఖాలలో ఏమేమి కట్టిందో మనకు తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు తన పాత దారి వెతుక్కుంటూ బెజవాడలోకి వచ్చింది. అంతకు ముందు ఏడాది జూలైలో హన్మకొండ వీధుల్లో పడవలు తిరిగాయి. గొలుసుకట్టు చెరువుల నేల మీద పుట్టిన నగరానికే ఆ గతి పట్టింది. అప్పటికి మిషన్ కాకతీయ మొదలై ఎనిమిదేళ్లు దాటింది.

మనుమడి గది మూడవ అంతస్తులో ఉన్నది. మంచం, బల్ల, భారతదేశ పటం, గోడకు అంటించిన రాజ్యాంగ అధికరణాల పట్టిక. టీ తాగుతూ కాక మళ్లీ ఉదయం అడిగిన ప్రశ్నే అడిగాడు: ఈ ఊరి నీళ్లకు నీరటి ఎవరు? నేను చేతులెత్తేసిన ఆ ప్రశ్నను మనుమడు పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్న వలె అందుకున్నాడు. 1991లో 69వ రాజ్యాంగ సవరణ ద్వారా 239ఏఏ అధికరణం వచ్చింది. దానివల్ల ఢిల్లీకి శాసనసభ, మంత్రివర్గం ఏర్పడ్డాయి. కాని భూమి, పోలీసు, శాంతిభద్రతలు కేంద్రం చేతిలో ఉన్నాయి. నగర కార్పొరేషన్‌ను 2012లో మూడు ముక్కలు చేసి 2022లో మళ్లీ కలిపారు. అధికారుల మీద అజమాయిషీ ఎన్నికైన ప్రభుత్వానిదని 2023 మే 11న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఎనిమిది రోజులు తిరగకుండానే కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. ఆగస్టులో అది చట్టమయింది. పార్లమెంటులో ఆ బిల్లుకు వైయస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం మద్దతిచ్చాయి, భారత రాష్ట్ర సమితి వ్యతిరేకించింది. ఆనాడు పత్రికా గ్యాలరీలో కూర్చుని మన సభ్యుల వైఖరి మీద నేనొక లేఖ రాశాను. అందులో మురుగుకాల్వ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని ఇప్పుడు గుర్తుకు వచ్చింది.

కుర్రవాడు వరుస తప్పకుండా చెప్పాడు. నిజానికి నా లేఖ కన్నా బాగా చెప్పాడు. తర్వాత కాల్వల సంగతికి వచ్చాడు. పెద్ద కాల్వలు నీటిపారుదల, వరద నియంత్రణ శాఖవి; రోడ్డు పక్కవి ప్రజాపనుల శాఖవి; వీధిలోవి కార్పొరేషన్‌వి; మురుగు గొట్టాలు జలబోర్డువి; కొత్త కాలనీలవి ఢిల్లీ అభివృద్ధి సంస్థవి; దండు ప్రాంతంలోవి కంటోన్మెంటు బోర్డువి. నగరమంతటికీ కలిపి మురుగునీటి ప్రణాళిక 1976లో తయారయింది. 1971 జనాభా లెక్కల్లో ఢిల్లీ జనం 40 లక్షలు. 2011 నాటికి ఒక కోటి 68 లక్షలు. మధ్యలో ఒక ఐఐటీ నివేదిక వచ్చి వెళ్లింది. కొత్త ప్రణాళిక వెలువడడానికి 2025 దాకా పట్టింది.

“గిదంత సరె. తూము ఎవరు తీస్తరు?” అన్నాడు కాక.

మనుమడు నా వంక చూశాడు. అప్పుడు నేను 2023 జూలై సంగతి చెప్పాను. ఆ నెల 13న పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు లేచింది. 1978 సెప్టెంబరులో 207.49 మీటర్ల వరకు వచ్చిన వరదే అప్పటిదాకా పెద్దది. రాజ్‌ఘాట్ మునిగింది, నీరు సుప్రీంకోర్టు దరిదాపులకు వచ్చింది. నది ఒడ్డున ఒక కాల్వకు ఉన్న నియంత్రణ తలుపు విరిగి నీరు ఎదురు తిరిగింది. అదే వారం ఐటీఓ బారేజీకి ఉన్న 32 తలుపులలో అయిదు తెరుచుకోలేదు. పూడిక మట్టిలో బిగుసుకుపోయాయి. సైన్యం, నౌకాదళం వచ్చి వాటిని విడిపించవలసి వచ్చింది. ఆ బారేజీ ఢిల్లీ నడిబొడ్డున ఉన్నది. నిర్వహణ అప్పట్లో హర్యానా ప్రభుత్వానిది. కొంచెం కిందనున్న ఓఖ్లా బారేజీ ఉత్తరప్రదేశ్‌ది. ఎవరి తప్పు అన్నదాని మీద రెండు ప్రభుత్వాలు వారాల తరబడి వాదించుకున్నాయి.

కాక చాలాసేపు మాట్లాడలేదు. అంతవరకు విన్న రాజ్యాంగమంతా ఆయనకు ఆ అయిదు తలుపుల దగ్గర అర్థమయినట్టున్నది. “ఎండకాలం తలుపుకు నూనె పోయకపోతే వానకాలం లెవ్వదు. మా నాయిన వైశాఖంలనే తూము గూటం తీసి కడిగి మల్ల పెట్టేటోడు. మరచిపోయిననాడు ఊరంత ఇంటి మీదికొస్తుండె” అన్నాడు. ఊరంతా ఇంటిమీదికి రావడం అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 2024 జూలైలో ఆ పిల్లలు పోయిన తర్వాత విద్యార్థులు రోజుల తరబడి ఇదే వీధిలో బైఠాయించారు, రాజ్యసభ చర్చించింది, హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది, అధికారులు నేలమాళిగలకు తాళాలు వేశారు. కోపం నిజమైనదే, ఊరంతా కదిలింది. ఎవరి ఇంటిమీదికి పోవాలో మాత్రం వారికి తెలియలేదు. నాకూ తెలియదు.

చీకటి పడుతుండగా లేచాము. చదువుకునే చోటు కూడా చూడాలన్నాడు కాక. రోజుకు పన్నెండు గంటలు మనుమడు కూర్చునేది గదిలో కాదు, అద్దెకిచ్చే చదువుల హాలులో. పోతూ దారిలో ఒక్కటే అడిగాడు: “మెట్లు పైకా, కిందికా?”

“పైకే తాతా. రెండో అంతస్తు. కిందివి మూసినప్పటి సంది పైన సీటు ధర పెరిగింది” అన్నాడు కుర్రవాడు, డబ్బు ఖర్చుకు మన్నింపు అడుగుతున్నట్టు. కాక ఆ మెట్లన్నీ ఎక్కాడు. లోపల అరవై డెబ్బై మంది పిల్లలు తలలు వంచి చదువుకుంటున్నారు. గొంగడి కప్పుకున్న ముసలివాణ్ణి చూసి ఒకరిద్దరు తల ఎత్తారు. ఆయన వెనక వైపు రెండవ దారి ఉన్నదా అని చూశాడు. ఉన్నది, దానికి అడ్డంగా రెండు కుర్చీలున్నాయి. తానే వాటిని ఎత్తి పక్కన పెట్టి వచ్చాడు.

మరునాటికి ఆకాశం తేటపడింది. రైలు రాత్రికి కాబట్టి పగలు సత్‌పులాకు తీసుకుపోయాను. సాకేత్ దగ్గర, ఖిడ్కీ గ్రామానికి తూర్పున, జహాన్‌పనా కోటగోడలో భాగంగా ఏడు కమానులతో కట్టిన ఆనకట్ట అది. పద్నాలుగవ శతాబ్దపు నడిమి కాలంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కట్టించాడు. గోడ బయటి పొలాలకు ఇక్కడినుంచి నీరు వదిలేవారు. ఇప్పుడు వాగు పక్కకు జరిగి మురుగుకాల్వ అయింది. కమానుల ముందు పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. కాక ఏ వివరణా అడగలేదు. కమాను లోపలికి వెళ్లి రాతిలో పైనుంచి కిందిదాకా ఉన్న గాడిలో అరచేయి పెట్టి తడిమి, “తలుపు గీ గాడిల దిగుతది. ఇద్దరు మనుషులు పైన నిలవడి గుంజాలె” అన్నాడు. రెండు రోజులలో ఆయన మొగం విప్పారింది అక్కడే.

కట్టించినవాడు ఎవరో చెప్పాను. 1323లో ఉలూగ్ ఖాన్ పేరుతో వచ్చి ఓరుగల్లును పట్టుకున్న రాకుమారుడే తర్వాత ఈ సుల్తాను. బందీగా ఢిల్లీకి తరలిస్తున్న దారిలో ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున మరణించాడని శాసనాల వల్ల తెలుస్తున్నది. కాక క్షణం ఆలోచించి, “పాకాల చూసి నేర్చుకపోయిండు” అని తేల్చాడు. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. షంసీ హౌజు, అలాయీ హౌజు అంతకు ముందే ఢిల్లీలో ఉన్నాయి. అయినా నేను కాదనలేదు. దగ్గరలోనే ఖిడ్కీ మసీదు ఉన్నది. దాన్ని కట్టించిన జౌనా షా, ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో ప్రధాని అయిన ఖాన్-ఎ-జహాన్ తిలంగానీ కుమారుడు. ఆ తండ్రి మన ఓరుగల్లు మనిషే, పేరు మారి, మతం మారి ఢిల్లీ గద్దె పక్కకు చేరినవాడు. ఢిల్లీలో పెత్తనం చేసిన తొలి తెలుగువాడి సంగతి మన నాయకులకు ఎప్పుడైనా చెప్పాలనుకుంటాను. వారు ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరికీ తీరిక ఉండదు.

రాత్రి రైలెక్కించాను. పది రోజుల తర్వాత, పడుకోబోయే వేళ కాక దగ్గరినుంచి ఫోను వచ్చింది. ఊళ్లో మూడు రోజులుగా ముసురట. చెరువు నిండి మత్తడి దుంకుతున్నదట. వెనక వాన చప్పుడు వినిపిస్తున్నది. ఇంత రాత్రి ఎక్కడున్నావు కాకా అని అడిగాను.

“కట్ట మీద. తూము కాడికొచ్చిన.”

“అక్కడికి లష్కరును వేశారు గదా?”

“హన్మకొండల ఉంటడు బిడ్డా. మంచోడే, పొద్దున ఫోను చేసిండు” అన్నాడు. కొంచెం ఆగి, “పోరని దిక్కు వానలు పడ్తానయా? రొండో తొవ్వకు మల్ల కుర్చీలు అడ్డం పెట్టిండ్రేమో, ఒక్కసారి పోయి చూసి రా” అన్నాడు.

ఆదివారం వెళ్లి చూశాను. పెట్టారు.